కలెక్టరును రెండేళ్ల దాకా కదపకూడదా? పదవీకాలం రూళ్ల మీద ఒక సందేహం

మైపాడు గేటు:

గ్రూప్-1 మెయిన్స్‌కి నలుగురం కలిసి చదువుకుంటున్నాం, నెల్లూరులో. పాలన పేపర్లో ఒక చోట బండి ఆగిపోయింది. ఐఏఎస్ అధికారిని కేడర్ పోస్టులో, అంటే ఐఏఎస్‌లకే కేటాయించిన కుర్చీలో వేస్తే కనీసం రెండేళ్లు ఉంచాలని రూలు ఉండాదని ఒక నోట్సులో ఉంది. బదిలీ అనేది ప్రభుత్వం ఇష్టం, కోర్టులు వేలు పెట్టవు అని ఇంకో నోట్సులో ఉంది. రెంటిలో ఏది రాయాలో తెలీడం లేదు.

మాటవరసకి ఒక కలెక్టరు 14 నెలలకే మారారనుకుందాం. రూలు తప్పినట్టా, కాదా? చీఫ్ సెక్రటరీకి ఇన్నేళ్లు అని ఏమన్నా ఉందా? డీజీపీకి రెండేళ్లు అంటారు, సీఎస్‌కి ఎందుకు అనరు? డిప్యూటీ కలెక్టరుగా చేరి తర్వాత ఐఏఎస్ వచ్చినవాళ్లకి ఈ లెక్కలు ఎట్ట వర్తిస్తాయి? పేపర్ల వార్తలు కాకుండా రూలు నంబరుతో చెప్పగలిగినవాళ్లు చెప్పండన్నా.

దర్గామిట్ట ఫైలు:

మీ రెండు నోట్సుల్లోనూ సగం సగం నిజం ఉంది తమ్ముడూ. అది ఎక్కడ విడిపోతుందో చెబుతా.

ముందు నియామకం ఎవరిది, పోస్టింగ్ ఎవరిది అన్నది వేరు చేసుకోండి. ఐఏఎస్‌లోకి తీసుకునేది కేంద్రం, ఏ రాష్ట్రంలో పనిచేయాలో, అంటే కేడర్, కేటాయించేది కేంద్రం. ఆ కేడర్ లోపల ఎవరిని ఏ కుర్చీలో కూర్చోబెట్టాలన్నది రాష్ట్రం. దీనికి ఆధారం 1954 నాటి ఐఏఎస్ కేడర్ రూల్స్‌లో 7వ రూలు. ఒంగోలు కలెక్టరైనా, నెల్లూరు జాయింట్ కలెక్టర్ (జేసీ) అయినా జీవో వచ్చేది వెలగపూడి సచివాలయం నుంచే, సాధారణ పరిపాలన శాఖ పేరుతో.

ఆ 7వ రూలుకి 2014 జనవరిలో సవరణ వచ్చింది. ఊరికే రాలేదు. టీ.ఎస్.ఆర్. సుబ్రమణియన్‌తో కలిసి 83 మంది రిటైరైన అధికారులు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న తీర్పు చెప్పింది. సివిల్ సర్వీసెస్ బోర్డులు పెట్టండి, కనీస పదవీకాలం ఖాయం చేయండి, నోటిమాటగా ఇచ్చిన ఆదేశాలను కాగితం మీద పెట్టించండి అని ఆ తీర్పు సారం. దాని మీద కేంద్రం ఐఏఎస్, ఐపీఎస్, అటవీ సర్వీసు మూడింటి కేడర్ రూల్సూ మార్చింది.

ఇప్పుడు రూలు చెప్పేది ఇది. కేడర్ పోస్టులో వేసిన అధికారి కనీసం రెండేళ్లు ఆ పోస్టులో ఉండాలి. ప్రమోషన్, రిటైర్మెంట్, రాష్ట్రం బయటికి డెప్యుటేషన్, రెండు నెలలకు మించిన శిక్షణ, ఈ నాలుగూ మినహాయింపు. వీటిలో ఏదీ లేకుండా ముందే కదపాలంటే బోర్డు సిఫార్సు కావాలి. బోర్డుకి అధ్యక్షుడు సీఎస్, సభ్యుడిగా సీనియర్ మోస్ట్ అదనపు సీఎస్ స్థాయి అధికారి, సభ్య కార్యదర్శిగా సర్వీసులు చూసే శాఖ కార్యదర్శి. ఐపీఎస్ ఫైలయితే హోం కార్యదర్శీ, డీజీపీ కూడా కూర్చుంటారు.

బోర్డు చేయాల్సిన పనిలో మూడు అంచెలున్నాయి. ముందే ఎందుకు మార్చాలో సంబంధిత శాఖ నుంచి కారణాలు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఆ కారణాల మీద ఆ అధికారి ఏమంటారో అడగాలి. రెండూ చూసి తృప్తి పడితేనే సిఫార్సు చేయాలి. గడువుకు ముందు మార్చమన్న కేసులన్నీ కారణాలతో సహా మూడు నెలలకొకసారి కేంద్రానికి నివేదించాలి. మెయిన్స్‌లో చాలామంది బోర్డు పేరు రాసి వదిలేస్తారు. అసలు విషయం రెండో అంచెలో ఉంది, అధికారి మాట వినడం. ఫైలులో ఆ కాగితం లేకపోతే రేపు ట్రైబ్యునల్‌లో మొదట పట్టుకునేది అక్కడే.

సరే, ఇంత కట్టుదిట్టం చేసి చివర్లో ఒక కిటికీ తెరిచి పెట్టారు. బోర్డు సిఫార్సును ప్రభుత్వాధినేత కాదనవచ్చు, కారణాలు రాస్తే చాలు. అంటే ఈ రూలు బదిలీని ఆపేది కాదు. బదిలీకి ముందు ఒక దారి వేసి, ఆ దారిన నడిచినట్టు కాగితం ఉండాలంటుంది, అంతే. మీ మొదటి నోట్సు రూలు వరకు చదివి ఆగింది, రెండోది రూలు చూడకుండా కోర్టు తీర్పుల దగ్గర మొదలైంది.

ఇంకొకటి, రెండేళ్లు లెక్కపెట్టేది జీవో తేదీ నుంచి కాదు, చార్జి తీసుకున్న తేదీ నుంచి. పాత అధికారి, కొత్త అధికారి ఇద్దరూ సంతకాలు పెట్టే చార్జి మార్పిడి పత్రం ఉంటుంది, ఆఫీసుల్లో సీటీసీ అంటారు. అందులో పూర్వాహ్నమా, అపరాహ్నమా అన్నది కూడా రాస్తారు. జీతం, జాయినింగ్ టైము, చివరి జీతం ధ్రువపత్రం (ఎల్పీసీ) అన్నీ దాని మీదే నడుస్తాయి. కొత్తాయన రాకముందే పాతాయన్ని రిలీవ్ కమ్మంటే జేసీకి పూర్తి అదనపు బాధ్యతలు ఇస్తారు. ఆ మధ్య రోజులు ఎవరి రెండేళ్లలోకీ రావు.

గుండ్లకమ్మ:

పైన చెప్పింది సరిగ్గా ఉంది. సీఎస్, డీజీపీ సంగతి నేను చెబుతాను. ఎక్కువ తప్పులు అక్కడే రాస్తారు.

సీఎస్‌కు ప్రత్యేకంగా ఇన్నేళ్లు అని పదవీకాలం లేదు. కేడర్లో అన్నిటికంటే పైదైన అపెక్స్ స్థాయి అధికారుల్లోంచి ముఖ్యమంత్రి ఎంచుకుంటారు. సీనియారిటీ వరసలో మొదటివాళ్లనే వేయాలన్న నిబంధనా లేదు. ఇది ముఖ్యమంత్రి నమ్మకం మీద నడిచే కుర్చీ అని సుప్రీంకోర్టు ఎప్పుడో ఒప్పుకుంది. తమిళనాడు సీఎస్ రాయప్ప కేసు, 1973 తీర్పు. ఆయన్ని రాష్ట్ర ప్రణాళిక సంఘం ఉపాధ్యక్షుడిగా మార్చారు, తర్వాత ప్రత్యేకాధికారిగా మార్చారు, ఆయన కోర్టుకెళ్లారు. ఓడిపోయారు. కానీ ఓడిపోయిన ఆ కేసులోనే ‘ఏకపక్షంగా వ్యవహరించడం సమానత్వానికి విరుద్ధం’ అన్న సూత్రం పుట్టింది, 14వ అధికరణం మీద ఈ రోజుకీ అదే చెబుతారు. మెయిన్స్‌లో రెండు ప్రశ్నలకి పనికొచ్చే కేసు.

మనకి దగ్గర్లో ఉదాహరణ కావాలంటే 2019 చూడండి. ఎన్నికల ముందు ఏప్రిల్లో ఉన్న సీఎస్‌ను తప్పించి ఎల్.వి. సుబ్రహ్మణ్యం గారిని వేసింది ఎన్నికల సంఘం. కొత్త ప్రభుత్వం వచ్చాక కూడా కొనసాగారు. నవంబరులో ఆయన్ని బాపట్లలోని మానవ వనరుల అభివృద్ధి సంస్థకి డైరెక్టర్ జనరల్‌గా పంపారు. ఒంగోలు నుంచి బస్సెక్కితే గంటన్నర దూరం, హోదాలో మాత్రం చాలా దూరం. ఇలాంటి మార్పుల్లో చూడాల్సింది ఒకటుంది. కేడర్ జాబితాలో లేని పోస్టులో వేస్తే, అది ఏ కేడర్ పోస్టుకి సమానమో జీవోలోనే ప్రకటించాలి. అది ఐఏఎస్ పే రూల్స్ నిబంధన. రాయప్ప కేసులో ఒక ముఖ్య వాదన దీని చుట్టూనే తిరిగింది.

సీఎస్ పొడిగింపు వేరే రూలు. 1958 నాటి అఖిల భారత సర్వీసుల రిటైర్మెంట్ ప్రయోజనాల రూల్స్‌లో 16(1). 60 ఏళ్లు నిండిన నెల ఆఖరి రోజు సాయంత్రం రిటైర్మెంట్. సీఎస్‌కు మాత్రం ఆరు నెలల దాకా పొడిగింపు ఇవ్వచ్చు. రాష్ట్రం ప్రజాప్రయోజనం ఏమిటో వివరంగా రాసి సిఫార్సు చేయాలి, కేంద్రం ముందే ఆమోదించాలి. కొన్నిసార్లు మూడు నెలలే అడుగుతారు, కొన్నిసార్లు మూడు ప్లస్ మూడు. 2024 జూన్ 30న రిటైర్ కావాల్సిన సీఎస్‌కు డిసెంబరు 31 దాకా వచ్చింది, అది సరిగ్గా ఆరు నెలలు. 2021 నవంబరు ఆఖర్లో రిటైర్ కావాల్సిన ఇంకొకరికి ఆరేసి నెలలు రెండుసార్లు వచ్చింది, 2022 నవంబరు 30 దాకా ఉన్నారు. ఆరు నెలలే పరిమితి అయితే పన్నెండు ఎట్ట వచ్చాయంటారా? రూలు సడలించే అధికారం కేంద్రానికి వేరుగా ఉంది, 1960 నాటి అవశేష విషయాల రూల్స్ కింద. ‘ఆరు నెలలకు మించదు’ అని రాసి ఆగిపోతే మార్కు పోదు గానీ, ‘సడలింపు లేకుండా’ అని చేరిస్తే కచ్చితంగా ఉంటుంది.

పుట్టినతేదీ చిక్కు ఒకటుంది, ప్రిలిమ్స్‌లో అడగదగ్గది. జులై 1న పుట్టినవాళ్లు జూన్ 30న రిటైరవుతారు. జులై 2న పుట్టినవాళ్లు జులై 31న. ఒక్క రోజు తేడాకి నెల జీతం.

ఇక డీజీపీ. ఆ రెండేళ్లు కేడర్ రూలు వల్ల వచ్చినవి కావు. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు చెప్పినవి. యూపీఎస్సీ ముగ్గురి ప్యానెల్ ఇస్తుంది, అందులోంచి రాష్ట్రం ఒకరిని ఎంచుకుంటుంది, రిటైర్మెంట్ తేదీతో సంబంధం లేకుండా కనీసం రెండేళ్లు. 2018 జులైలో ఇంకో ఉత్తర్వు వచ్చింది: తాత్కాలిక డీజీపీలను పెట్టకూడదు, ఖాళీ రావడానికి మూడు నెలల ముందే పేర్లు యూపీఎస్సీకి పంపాలి. రెండు వారాల్లో రిటైరయ్యేవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి వాళ్లకి రెండేళ్లు తెప్పించే తెలివి కొన్ని రాష్ట్రాలు చూపాయి. అందుకని 2019 మార్చిలో, కనీసం ఆరు నెలల సర్వీసు మిగిలినవాళ్లనే ప్యానెల్‌కి చూడాలని స్పష్టం చేసింది. ఇంత చెప్పినా ‘పూర్తి అదనపు బాధ్యతలు’ అనే పేరుతో నెలల తరబడి నడిపిన రాష్ట్రాలు ఉన్నాయి, మనది కూడా అందులో ఉంది.

కాబట్టి సీఎస్‌కి ఎందుకు లేదంటే, పోలీసు మీద కోర్టు తీర్పు ఉంది, సీఎస్ మీద అలాంటిది లేదు. కేడర్ పోస్టు కాబట్టి 7వ రూలు రెండేళ్లు సీఎస్‌కూ వర్తిస్తుందని వాదించొచ్చు. కానీ సీఎస్‌ను మార్చే ఫైలు మీద సిఫార్సు చేయాల్సిన బోర్డుకి అధ్యక్షుడు ఆ సీఎస్సే. మిగతాది మీరే ఊహించుకోండి.

మైపాడు గేటు:

చాలా థ్యాంక్సన్నా ఇద్దరికీ. అట్టయితే నా 14 నెలల కలెక్టరు సంగతి ఒక్క ముక్కలో చెప్పండి. తప్పా, కాదా? ఆయన కోర్టుకి పోతే నిలుస్తుందా? జనం పోతే?

దర్గామిట్ట ఫైలు:

ఒక్క ముక్కలో అయితే: బోర్డు సిఫార్సు ఉంటే తప్పు కాదు. లేక బోర్డు వద్దన్నా కారణం రాసి మార్చి ఉంటే తప్పు కాదు. పైన చెప్పిన నాలుగు మినహాయింపుల్లో ఏదీ కాక, ఈ రెండూ లేకపోతే తప్పు. జీవో చూసి చెప్పలేం, ఫైలు చూడాలి. జీవోలో ‘పరిపాలనా కారణాల రీత్యా’ అనే ఒక్క వాక్యమే ఉంటుంది.

కోర్టు విషయంలో మీ రెండో నోట్సు చెప్పిందానికి మూలం ఉంది. 1991లో శిల్పి బోస్ కేసు, 1993లో ఎస్.ఎల్. అబ్బాస్ కేసు. బదిలీ ఉద్యోగంలో భాగం. చట్టబద్ధమైన రూలు తప్పితేనో, దురుద్దేశం రుజువైతేనో తప్ప జోక్యం చేసుకోం అన్నారు. అబ్బాస్ కేసులో ఉన్నవి మార్గదర్శకాలు, వాటిని కోర్టులో అమలు చేయించలేమన్నారు. మన 7వ రూలు మార్గదర్శకం కాదు. 1951 నాటి అఖిల భారత సర్వీసుల చట్టం 3వ సెక్షన్ కింద చేసిన రూలు. కాబట్టి అబ్బాస్ తీర్పునే తిప్పి వాడుకోవచ్చు: ‘రూలు తప్పితే జోక్యం చేసుకుంటామని మీరే అన్నారు’ అని. చదివే పిల్లలు ఈ తేడా పట్టుకోవాలి. రాష్ట్ర ఉద్యోగుల సాధారణ బదిలీల సీజన్లో వచ్చే జీవోలు, ‘ఒకే చోట ఇన్నేళ్లు’ వగైరా, అవి మార్గదర్శకాల కోవలోకి వస్తాయి. వాటికి ఇంత పట్టు లేదు.

ఐఏఎస్ అధికారి వెళ్లాల్సింది నేరుగా హైకోర్టుకి కాదు, కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌కి. మన రాష్ట్రానికి హైదరాబాద్ బెంచి. పరిపాలనా ట్రైబ్యునళ్ల చట్టం 19వ సెక్షన్ కింద ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్) వేయాలి, ఫీజు 50 రూపాయలు. అంతకు ముందు ప్రభుత్వానికి వినతి పెట్టుకున్నట్టు చూపాలి. తుది ఉత్తర్వు వచ్చిన ఏడాది లోపు వేయాలి. వినతికి జవాబు రాకపోతే ఆరు నెలలు ఆగి, అక్కడి నుంచి ఏడాది. బదిలీ కేసులో ఆ ఏడాది పనికిరాదు. రిలీవ్ అయి కొత్తచోట చేరిపోతే సగం కేసు చచ్చిపోతుంది, అందుకే మధ్యంతర స్టే కోసం అదే వారం వెళ్తారు. ట్రైబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకి వెళ్లొచ్చు, 1997 చంద్రకుమార్ తీర్పు ప్రకారం. దురుద్దేశం అని రాస్తే ఎవరి దురుద్దేశమో పేరు పెట్టి వాళ్లని ప్రతివాదిగా చేర్చాలి. పేరు చెప్పకుండా ‘రాజకీయ ఒత్తిడి’ అని రాసిన పిటిషన్లు అక్కడే పోతాయి.

జనం వెళ్తే నిలవదు. సర్వీసు విషయాల్లో ప్రజాప్రయోజన వ్యాజ్యం కుదరదని సుప్రీంకోర్టు 1998లో దుర్యోధన్ సాహు కేసులో చెప్పింది. ‘మా కలెక్టరును మార్చొద్దు’ అని కలెక్టరేట్ ముందు ధర్నా చేయొచ్చు, సీఎస్‌కు వినతి పంపొచ్చు. కానీ ఆ ధర్నా అధికారికి మేలు చేయకపోగా కీడు చేసే వీలుంది. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి 18వ రూలు ప్రకారం, తన సర్వీసు విషయంలో బయటి పలుకుబడి తీసుకురాకూడదు. ‘ఆయనే చేయించాడు’ అని రాయడానికి ఒక్క మనిషి చాలు.

రంగరాయుడు చెరువు:

డిప్యూటీ కలెక్టర్ల ప్రశ్నని అందరూ దాటేశారు. గ్రూప్-1 రాసేవాళ్లకి అసలు కావాల్సింది అదే.

ముందు చిన్న సందేహ నివృత్తి. కందుకూరులో సబ్ కలెక్టర్ అని, ఇంకో డివిజన్లో ఆర్డీవో అని బోర్డులు చూసి రెండు వేరే పోస్టులనుకుంటారు. కుర్చీ ఒకటే. నేరుగా వచ్చిన ఐఏఎస్ కూర్చుంటే సబ్ కలెక్టర్, డిప్యూటీ కలెక్టర్ కూర్చుంటే ఆర్డీవో.

డిప్యూటీ కలెక్టరు ఆర్డీవోగా ఉన్నన్నాళ్లూ ఆయనది రాష్ట్ర సర్వీసు. 7వ రూలు రెండేళ్లు ఆయనకి లేవు, బోర్డు చూడదు, ట్రైబ్యునల్‌కి కాదు, నేరుగా మన హైకోర్టుకి వెళ్లాలి. ఆర్డీవోలు ఆరేడు నెలలకే మారినప్పుడు ‘రెండేళ్ల రూలు ఏమైంది’ అని అడిగేవాళ్లుంటారు. ఆ రూలు ఆ కుర్చీలో ఉన్న డిప్యూటీ కలెక్టరుది కాదు.

ఐఏఎస్ ఇవ్వడానికి, అదే కన్ఫర్మెంట్ అంటారు కదా, 1955 నాటి ప్రమోషన్ రెగ్యులేషన్స్ ఉన్నాయి. సీనియర్ డ్యూటీ పోస్టులూ, రిజర్వులూ కలిపిన లెక్కలో మూడో వంతు ప్రమోషన్ కోటా. డిప్యూటీ కలెక్టరుగా ఎనిమిదేళ్ల నిరంతర సర్వీసు, ఎంపిక జాబితా సంవత్సరం జనవరి 1 నాటికి 56 ఏళ్లు నిండకూడదు. ఖాళీలకు మూడింతల మందిని సీనియారిటీ వరసలో చూస్తారు. కమిటీకి యూపీఎస్సీ చైర్మన్ గానీ సభ్యుడు గానీ అధ్యక్షత వహిస్తారు. సర్వీసు రికార్డు చూసి అత్యుత్తమం, చాలా బాగుంది, బాగుంది, అనర్హం అని నాలుగు గ్రేడ్లు వేస్తారు. ఇంటర్వ్యూ ఉండదు. రెవెన్యూ బయటి శాఖల గెజిటెడ్ అధికారులకి వేరే దారి, 1997 రెగ్యులేషన్స్: ప్రమోషన్ కోటాలో 15 శాతానికి మించకుండా, ఒక ఖాళీకి అయిదు పేర్లు రాష్ట్రం పంపుతుంది, వాళ్లకి ఇంటర్వ్యూ ఉంటుంది.

ఎక్కడ చెడుతుందంటే, ముందుగా సీనియారిటీ జాబితాలో. నేరుగా వచ్చిన డిప్యూటీ కలెక్టర్లకీ, తహసీల్దారు నుంచి ప్రమోట్ అయినవాళ్లకీ వరస కుదరక కేసులు పడతాయి. జాబితా తేలకపోతే కమిటీ కూర్చోదు, కమిటీ కూర్చోకపోతే 56 దాటిపోతుంది. తర్వాత వార్షిక రహస్య నివేదికలు. మధ్యలో ఏదో ఒక ఏడాది పై అధికారి రాయకుండా రిటైరయ్యారంటే ఆ ఖాళీ ఎంపిక ఏడాదిలో గుదిబండ అవుతుంది. ఏటా మార్చి దాటగానే తన నివేదిక ఎంతవరకు వచ్చిందో ఎవరికి వారు కనుక్కోవాలి. మూడోది, శాఖాపరమైన చార్జిషీటు పెండింగ్‌లో ఉన్నా, ప్రభుత్వం నిజాయితీ ధ్రువపత్రం ఆపినా, పేరు జాబితాలో ‘తాత్కాలికంగా’ చేరుతుంది. జాబితా గడువు లోపల అది తొలగకపోతే మళ్లీ మొదటికి.

వయసు లెక్క ఎవరూ చెప్పరు గానీ చూడండి. రాష్ట్ర ఉద్యోగుల రిటైర్మెంట్ 2022 జనవరి 1 నుంచి 62. ఐఏఎస్‌కి 60. అంటే 55వ ఏట ఐఏఎస్ వచ్చిన డిప్యూటీ కలెక్టరు రెండేళ్ల సర్వీసు వదులుకుని ఐఏఎస్ తీసుకుంటున్నట్టు. నియామకానికి ముందు సమ్మతి రాసివ్వాలి, రాష్ట్ర సర్వీసులో లియన్, అంటే పాత పోస్టు మీద హక్కు, వదులుకోవాలి, తర్వాత వెనక్కి పోవడం కుదరదు. కలెక్టరు అవుతామన్న ఆశ ఒక వైపు, రెండేళ్ల జీతం ఒక వైపు. నా లెక్కలో 52 లోపు వస్తే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 55 దాటితే కాగితం మీద కూడికలు వేసుకోవాలి, ఎందుకంటే ప్రొబేషనూ, వెయిటింగూ పోగా జిల్లా చేతికి వచ్చే సమయం చాలా తక్కువ మిగులుతుంది.

కావలి ట్రంకురోడ్డు:

ఎన్నికల సంగతి చేర్చండి, లేకపోతే రెండేళ్ల రూలు మీద సమాధానం సగమే.

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు కలెక్టరు, ఎస్పీ, ఆర్డీవో, తహసీల్దారు అందరూ ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్ మీద ఉన్నట్టే. రాష్ట్రం తనంతట తాను కదపకూడదు. అంతకు ముందే, సొంత జిల్లాలో ఉన్నవాళ్లనీ, గత నాలుగేళ్లలో మూడేళ్లు ఒకే జిల్లాలో చేసినవాళ్లనీ మార్చమని సంఘం అడుగుతుంది. ఓటర్ల జాబితా సవరణ రోజుల్లో కూడా జాబితా పని చేసే అధికారులను సంఘం అనుమతి లేకుండా మార్చకూడదు.

తిరగేసి చూస్తే, సంఘమే మార్చినప్పుడు రెండేళ్లూ లేవు, బోర్డూ లేదు. 2024 ఏప్రిల్ మొదట్లో ప్రకాశం, నెల్లూరు ఎస్పీలిద్దరినీ ఇంకొన్ని జిల్లాల అధికారులతో కలిపి ఒకే ఉత్తర్వుతో తప్పించింది. తప్పించినవాళ్లకి ఎన్నికల పని ఇవ్వకూడదంటుంది, ఒక్కో కుర్చీకి ముగ్గురి పేర్లు సీఎస్‌ను అడుగుతుంది, అందులోంచి తనే ఎంచుతుంది. అధికారం 324వ అధికరణం నుంచి.

గుండ్లకమ్మ గారికి చిన్న చేర్పు: పదవీకాలం గట్టిగా నిలబడాలంటే రాజ్యాంగంలోనో చట్టంలోనో ఉండాలి. 2020 ఏప్రిల్ 10న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలం అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గిస్తూ మన ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, ఉన్న కమిషనర్ దిగిపోవాల్సి వచ్చింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆయనా రిటైరైన ఐఏఎస్సే, కానీ ఆ కుర్చీకి 243కె అధికరణం అండ ఉంది. కలెక్టరు కుర్చీకి ఉన్నది కేడర్ రూలు ఒక్కటే.

మైపాడు గేటు:

ఆఖరి ప్రశ్న. ఫైలు చూడాలన్నారు కదా. బయటివాళ్లు చూడగలరా?

దర్గామిట్ట ఫైలు:

తేదీల వరకైతే దరఖాస్తే అక్కర్లేదు. కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ (డీవోపీటీ) సైటులో ప్రతి ఐఏఎస్ అధికారి ఈఆర్ షీటు, అంటే సర్వీసు వివరాల పత్రం, అందరికీ కనబడుతుంది. ఏ పోస్టులో ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది అందులో ఉంటుంది. జిల్లా వెబ్‌సైటులో పాత కలెక్టర్ల జాబితాతో పోల్చి చూసుకోండి. ఈఆర్ షీటు కొన్నిసార్లు ఆలస్యంగా నింపుతారు.

బోర్డు మినిట్స్ కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు, వెలగపూడిలో సాధారణ పరిపాలన శాఖ పౌర సమాచార అధికారికి. ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డరు గానీ కోర్టు ఫీజు స్టాంపు గానీ. కాపీలు పేజీకి 2 రూపాయలు. ‘ఎందుకు మార్చారు’ అని అడగొద్దు, అది సమాచారం కాదు, అభిప్రాయం అని తిప్పి కొడతారు. ఇట్ట అడగండి: ఫలానా జీవో నంబరుకి సంబంధించి బోర్డు సమావేశం తేదీ, మినిట్స్ నకలు, శాఖ పంపిన కారణాల నోటు నకలు, అధికారి అభిప్రాయం తీసుకున్న లేఖ తేదీ, సిఫార్సును తిరస్కరించి ఉంటే ఆ కారణాల నోటు నకలు, ఆ త్రైమాసికానికి కేంద్రానికి పంపిన నివేదిక నకలు. ఒక్కో జీవోకి ఒక దరఖాస్తు పెట్టండి. పది కలిపితే ‘సమాచారం విస్తారం’ అంటారు.

30 రోజుల్లో జవాబు రావాలి. సమాచార హక్కు చట్టం 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారం అని నిరాకరించే అవకాశం ఎక్కువ, 2023 డేటా రక్షణ చట్టం ఆ క్లాజును ఇంకా వెడల్పు చేసింది కూడా. అందుకే అధికారి అభిప్రాయం నకలు అడక్కుండా, తీసుకున్న తేదీ మాత్రమే అడగమన్నా. త్రైమాసిక నివేదికలో సొంత విషయాలేమీ ఉండవు, దానికి ఆ సాకు నిలవదు. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు అదే శాఖలో, తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి. దరఖాస్తు పంపిన స్పీడ్ పోస్టు రసీదు జాగ్రత్త, అప్పీలు గడువు లెక్కకి అదే ఆధారం.